అక్షరసాక్ష్యం – వాల్డెమార్ హాఫ్‌కిన్

విశాఖపట్నం సముద్రాన్ని నమ్ముకొని పెరిగిన నగరం. 1933లో ఓడరేవు ప్రారంభమైన తరువాత, ఆపైన ఉక్కు కర్మాగారం వెలసిన తరువాత, పొట్ట చేత పట్టుకొని ఇక్కడికి వచ్చిన కుటుంబాలకు లెక్కలేదు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి, సరిహద్దుకు ఆవలనున్న ఒడిశా నుంచి వచ్చినవారు పని దొరికిన చోట కాపురం పెట్టారు. పని మారితే వాడ మారింది. వాడ మారితే ఆరోగ్యకేంద్రం మారింది. ఇన్ని మార్పుల నడుమ పసిబిడ్డల తల్లులు పదిలంగా దాచుకొనే కాగితాలలో మాతా శిశు రక్షణ కార్డు ఒకటి. బిడ్డ పుట్టిన తేదీ, పుట్టినప్పటి బరువు, వేసిన టీకాలు, మళ్ళీ రావలసిన తేదీ అందులో ఉంటాయి. బుధ, శనివారాలలో టీకాలు వేసే చోట ఆరోగ్య కార్యకర్త ముందుగా అడిగేది ఆ కార్డునే.

చూడటానికి అది చిన్న అట్టముక్క. కాని అందులోని ఒక్కొక్క గడి ఎందుకు అవసరమో తెలుసుకోవాలంటే, మరొక ఓడరేవులో పుట్టి, మన దేశంలో కలరా, ప్లేగు వ్యాధులతో పోరాడి, చేయని నేరానికి నింద మోసి, చివరకు లిఖితమైన సాక్ష్యం వల్ల నిర్దోషిగా నిలిచిన ఒక శాస్త్రజ్ఞుని జీవితాన్ని తెలుసుకోవాలి. ఆయనే వాల్డెమార్ మొర్దెకాయ్ హాఫ్‌కిన్.

పంతొమ్మిదవ శతాబ్దంలో అంటువ్యాధి అనే మాట వింటేనే ప్రజలు వణికిపోయేవారు. పూరీ జగన్నాథుని దర్శనానికి వెళ్ళే యాత్రికుల బాట విశాఖపట్నం జిల్లా గుండా సాగేది. యాత్రికులు నడిచిన దారినే కలరా కూడా నడిచేది. ఉదయం ఆరోగ్యంగా ఉన్న మనిషి సాయంకాలానికి వాంతులతో, విరేచనాలతో శుష్కించి ప్రాణాలు విడిచేవాడు. కారణం తెలియని ప్రజలు దానిని దేవత ఆగ్రహంగా భావించి, మరిడమ్మకు మొక్కుకొన్నారు. పుట్టిన బిడ్డ బ్రతికి బట్టకట్టాలని ఆ తల్లి పేరే పెట్టుకొన్నారు. ఉత్తరాంధ్రలో నేటికీ వినిపించే మరిడయ్య, మరిడమ్మ అనే పేర్లు ఆనాటి భయానికి, ఆనాటి ఆశకు మిగిలిన గుర్తులు.

హాఫ్‌కిన్ 1860 మార్చి 15న నల్లసముద్ర తీరంలోని ఒడెస్సా నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. ఆనాడు ఆ నగరం రష్యా సామ్రాజ్యంలో ఉండేది. నేడు ఉక్రెయిన్ దేశంలో ఉంది. ఒడెస్సా విశ్వవిద్యాలయంలో ఆయన జంతుశాస్త్రం అభ్యసించాడు. అక్కడ ఆయనకు గురువు ఇల్యా మెచ్నికోవ్. శరీరంలో ప్రవేశించిన సూక్ష్మజీవులను కబళించే కణాలను కనుగొని, 1908లో నోబెల్ బహుమతిని పంచుకొన్న మహాశాస్త్రజ్ఞుడాయన. సూక్ష్మదర్శిని ముందు ఓపికగా కూర్చోవడం, కంటితో చూసినదానిని చూసినట్లుగా వ్రాసి ఉంచడం శిష్యునికి ఆ గురువు సన్నిధిలోనే అలవడ్డాయి.

ఆ రోజులలో రష్యాలో యూదుల జీవితం కత్తి అంచుమీద నడకలా ఉండేది. 1881లో ఒడెస్సాలో యూదుల ఇళ్ళపై దాడులు జరిగినప్పుడు హాఫ్‌కిన్ తోటివారి రక్షణకు నిలబడి, నిర్బంధానికి గురయ్యాడు. మెచ్నికోవ్ పూనికతో విడుదల లభించింది. చదువు ముగిసిన తరువాత విశ్వవిద్యాలయంలో ఉద్యోగం పొందాలంటే మతం మార్చుకోవాలన్న షరతు ఎదురయింది. ఆయన అందుకు అంగీకరించలేదు. జంతుశాస్త్ర ప్రదర్శనశాలలో చిన్న ఉద్యోగంతో సరిపెట్టుకొని, తీరిక సమయంలో పరిశోధన సాగించాడు. 1888లో స్వదేశాన్ని విడిచి స్విట్జర్లాండులోని జెనీవాకు, మరుసటి సంవత్సరం పారిస్‌కు చేరాడు. లూయీ పాశ్చర్ స్థాపించిన ప్రసిద్ధ పరిశోధనాలయంలో ఆయనకు దొరికినది గ్రంథాలయంలో ఉద్యోగం మాత్రమే. పగలు పుస్తకాలు సర్దుతూ, మిగిలిన వేళలలో ప్రయోగశాలలో పని చేస్తూ, కలరా సూక్ష్మజీవిని లొంగదీసే మార్గాన్ని అన్వేషించాడు.

ఆయన అనుసరించిన పద్ధతి రెండు మెట్లది. కలరా సూక్ష్మజీవులను వెచ్చని గాలి సోకేటట్లు పెంచి, వాటి బలాన్ని తగ్గించి, మొదటి మోతాదును తయారు చేశాడు. మరొకవైపు అదే సూక్ష్మజీవిని సీమపందుల శరీరాల గుండా వరుసగా ముప్పది తొమ్మిది పర్యాయాలు పంపి, దాని బలాన్ని పెంచి, రెండవ మోతాదును సిద్ధం చేశాడు. మొదటిది శరీరాన్ని మేల్కొలుపుతుంది. కొద్దిరోజుల తరువాత ఇచ్చే రెండవది ఆ రక్షణను దృఢపరుస్తుంది. జంతువులపై ఫలితం నిర్ధారణ అయిన తరువాత మనుషులపై పరీక్షించవలసి వచ్చింది. ఆ మనిషి మరొకరు కావడం ఆయనకు న్యాయంగా తోచలేదు. 1892 జులై 18న ఆ మందును తన శరీరంలోకే ఎక్కించుకొన్నాడు. జ్వరం వచ్చింది, సూది గుచ్చిన చోట నొప్పి కలిగింది, కొద్దిరోజులకు తేరుకొన్నాడు. ఏ గంటకు ఏ మార్పు కలిగిందో గమనించి నమోదు చేసుకొన్నాడు.

అయినా శాస్త్రలోకం వెంటనే నమ్మలేదు. అందుకు కారణం లేకపోలేదు. 1885లో స్పెయిన్ దేశంలో జైమె ఫెర్రాన్ అనే వైద్యుడు కలరా టీకాను వేలాదిమందికి వేశాడు. కాని తన పద్ధతిని పూర్తిగా వెల్లడించకపోవడం వల్లనూ, ఫలితాల లెక్కలు విశ్వసనీయంగా లేకపోవడం వల్లనూ ఆయన కృషికి ఆనాడు తగిన గుర్తింపు రాలేదు. మందు మంచిదే కావచ్చు. మంచిదని చూపగల లెక్క లేకపోతే అది నమ్మకాన్ని సంపాదించలేదు. హాఫ్‌కిన్ తన జీవితమంతా ఈ విషయాన్ని గుర్తుంచుకొన్నట్లు ఆయన పనితీరే చెబుతుంది.

కలరాకు పుట్టినిల్లుగా పేరుపడిన దేశంలోనే తన టీకాను పరీక్షించాలని ఆయన సంకల్పించాడు. అంతకుముందు మన దేశంలో వైస్రాయిగా పని చేసి, అప్పుడు పారిస్‌లో బ్రిటిష్ రాయబారిగా ఉన్న డఫరిన్ ప్రభువు ఆయనకు సహాయపడ్డాడు. 1893 మార్చి నెలలో హాఫ్‌కిన్ కలకత్తాలో అడుగుపెట్టాడు. అప్పటికి ఆయన వయస్సు ముప్పది మూడు సంవత్సరాలు. ఆయన వైద్యపట్టా పొందినవాడు కాడు, ఆంగ్లేయుడు కాడు, ప్రజల భాష ఎరిగినవాడు కాడు. పరాయి ప్రభుత్వపు మనిషి సూది పట్టుకొని వస్తే ప్రజలు అనుమానించడం సహజం. అందుచేత అనేక చోట్ల ఆయన అందరూ చూస్తుండగా మొదట తానే సూది వేయించుకొనేవాడు. ఆగ్రా నుంచి బయలుదేరి ఉత్తర భారతంలోని పట్టణాలు, సైనిక శిబిరాలు, కారాగారాలు, అస్సాం తేయాకు తోటలు తిరిగాడు. 1895 వరకు సాగిన ఆ తొలి యాత్రలో 42,000 మందికి పైగా కలరా టీకా అందింది.

ఆ యాత్రలో కలకత్తా నగరపు బస్తీ ఒకటి ప్రత్యేకంగా పేర్కొనదగినది. 1894లో కట్టాల్ బాగాన్ అనే పేదల బస్తీలో కలరా తలెత్తింది. అక్కడి జనసంఖ్య సుమారు 200. వారిలో 116 మందికి హాఫ్‌కిన్ బృందం టీకా వేసింది. చౌధురి, ఘోష్, ఛటర్జీ, దత్ అనే భారతీయ వైద్యులు ఆ బృందంలో ఉన్నారు. సొంత భాషలో మాట్లాడే ఈ వైద్యులు ప్రక్కన నిలిచినందువల్లనే ప్రజలు ముందుకు వచ్చారు. టీకాలు వేయడంతో పని ముగిసిందని వారు భావించలేదు. ఆ తరువాత బస్తీలో ఎవరికి జబ్బు చేసిందో, వారు టీకా వేయించుకొన్నవారో కాదో గమనిస్తూ వచ్చారు. ఆపైన పదిమందికి కలరా సోకింది, ఏడుగురు మరణించారు. వారందరూ టీకా వేయించుకోనివారే.

ఒకే నీరు త్రాగి, ఒకే గాలి పీల్చి, ఒకే రకం గుడిసెలలో జీవించిన మనుషుల మధ్య ఈ భేదం ఎలా తెలిసింది? ఎవరికి టీకా వేశారో వ్రాసి పెట్టుకొన్నందువల్ల తెలిసింది. మశూచి టీకా అయితే చేతిమీద మచ్చను మిగిల్చేది. ఆ మచ్చను చూసి టీకా పడినదని ఎవరైనా చెప్పగలిగేవారు. కలరా టీకా అటువంటి శాశ్వతమైన గుర్తును మిగల్చదు. పైగా దానికి రెండు మోతాదులు కావాలి. మొదటిది ఎవరికి ఎప్పుడు పడినదో తెలియకపోతే రెండవది ఎవరికి వేయాలో తెలియదు. శరీరం మీద నిలువని గుర్తును కాగితం మీద నిలపవలసి వచ్చింది.

నిరంతర ప్రయాణాలతో, మలేరియా జ్వరంతో ఆరోగ్యం దెబ్బతిని 1895లో ఆయన ఐరోపాకు వెళ్ళాడు. 1896లో తిరిగి వచ్చేసరికి దేశంలో మరొక ఉపద్రవం కాచుకొని ఉంది. తూర్పుదేశాలలో వ్యాపించిన ప్లేగు ఆ సంవత్సరం బొంబాయి రేవులో కాలుపెట్టింది. ఓడ సరుకునే కాదు, సరుకు మాటున దాగిన ఎలుకలను, ఎలుకల మీది ఈగులను కూడా మోసుకొని వస్తుంది. ఓడరేవు ఉన్న ప్రతి నగరానికీ అది పాఠమే. ప్లేగు పేరు వినగానే జనం నగరాన్ని వదలి పారిపోసాగారు. ప్రభుత్వం ఇళ్ళలో చొరబడి రోగులను బలవంతంగా తరలించడంతో భయానికి ఆగ్రహం తోడయింది.

ప్లేగుకు టీకా తయారు చేయవలసిందిగా ప్రభుత్వం 1896 అక్టోబరులో హాఫ్‌కిన్‌ను కోరింది. గ్రాంట్ వైద్యకళాశాలలో ఆయనకు ఇచ్చినది ఒక చిన్న గది, ఒక వసారా, ఒక గుమాస్తా, శిక్షణ లేని ముగ్గురు సహాయకులు. ఆ కొద్దిపాటి వసతులతోనే రాత్రింబవళ్ళు శ్రమించి, నెయ్యి తేలుతున్న మాంసరసంలో ప్లేగు సూక్ష్మజీవులను పెంచి, వాటిని వేడితో చంపి టీకాను సిద్ధం చేశాడు. డిసెంబరు నాటికి కుందేళ్ళపై అది ఫలించింది. 1897 జనవరి 10న మళ్ళీ మొదటి సూది తానే వేయించుకొన్నాడు. సాధారణంగా ఇచ్చే మోతాదు కంటె అది ఎంతో అధికం. తీవ్రమైన జ్వరాన్ని భరిస్తూనే ఆయన పని చేశాడు.

ఆ నెల చివర బొంబాయిలోని బైకుల్లా కారాగారంలో ప్లేగు ప్రవేశించింది. ఖైదీలలో 147 మంది టీకాకు ముందుకు వచ్చారు. 172 మంది రాలేదు. టీకా లేనివారిలో పన్నెండుగురికి ప్లేగు సోకి ఆరుగురు మరణించారు. టీకా వేయించుకొన్నవారిలో ఇద్దరికి మాత్రమే సోకింది, మరణం లేదు. ఈ లెక్క బయటికి రావడంతో టీకాపై నమ్మకం పెరిగింది. మూడవ ఆగాఖాన్ సుల్తాన్ మహమ్మద్ షా తాను టీకా వేయించుకొని, తన అనుయాయులైన వేలాదిమంది ఖోజాలను ప్రోత్సహించాడు. ప్రయోగశాలకు తన భవనాన్ని కూడా ఇచ్చాడు. 1899లో ఆ ప్రయోగశాల పరేల్‌లోని పాత ప్రభుత్వ భవనానికి మారి, విశాలంగా విస్తరించింది. ఒక గదిలో మొదలైన పని దేశమంతటికీ టీకా పంపే స్థాయికి చేరింది.

కీర్తి శిఖరం మీద ఉన్న ఆ సమయంలోనే విధి ఆయనను పరీక్షించింది. 1902 నాటికి పంజాబులో ప్లేగు విజృంభించి, టీకా కోసం ఒత్తిడి పెరిగింది. ఆ సంవత్సరం అక్టోబరు 30న ముల్కోవాల్ అనే గ్రామంలో 107 మందికి టీకాలు వేశారు. ఆ గ్రామం నేడు పాకిస్తానులో ఉంది. వారం రోజులు గడిచాక వారిలో కొందరికి దవడలు బిగుసుకొనిపోయాయి; దేహాలు విల్లులా వంగిపోయాయి. అది ధనుర్వాతం. పందొమ్మిది మందికి ఆ వ్యాధి సోకింది. పందొమ్మిది మందీ మరణించారు. ప్రాణరక్షణ కోసం చేయి చాపిన అమాయక గ్రామీణుల ఇళ్ళలో శోకం నిండింది.

మృతుల వివరాలను పరిశీలించగా ఒక విషయం తేలింది. ఆనాడు ఆ గ్రామంలో వాడిన సీసాలు ఐదు. మరణించినవారందరికీ మందు ఒకే సీసా నుంచి అందింది. ఆ సీసా సంఖ్య 53-ఎన్. మిగిలిన సీసాల నుంచి టీకా పొందిన 88 మందికీ ఏ హానీ కలుగలేదు. ఎవరికి ఏ సీసా మందు వేశారో తెలియకపోయి ఉంటే, ఆ మరణాలకు మొత్తం టీకానే కారణమని లోకం తీర్మానించి ఉండేది.

ప్రభుత్వం ఒక విచారణ సంఘాన్ని నియమించింది. బొంబాయి ప్రధాన న్యాయమూర్తి లారెన్స్ జెంకిన్స్ దానికి అధ్యక్షుడు. సీసా గ్రామానికి చేరకముందే, బొంబాయి ప్రయోగశాలలోనే కలుషితమయిందని ఆ సంఘం అభిప్రాయపడింది. అంతకు కొంతకాలం ముందు హాఫ్‌కిన్ టీకా తయారీలో కార్బాలిక్ ఆమ్లం కలపడం మాని, వేడితోనే శుద్ధి చేసే పద్ధతిని ప్రవేశపెట్టాడు. పారిస్ పరిశోధనాలయంలో ఆ పద్ధతి అప్పటికే వాడుకలో ఉంది. అయినా ఆ మార్పునే దోషంగా ఎంచారు. ఆయనను ప్రయోగశాల అధిపతి పదవి నుంచి తప్పించారు. వేలాదిమంది ప్రాణాలను కాపాడిన శాస్త్రజ్ఞుడు పందొమ్మిది మంది మరణాలకు బాధ్యుడన్న నింద తలకెత్తుకొని లండనుకు వెళ్ళవలసి వచ్చింది.

అక్కడ ఆయన చేతులు ముడుచుకొని కూర్చోలేదు, ఎవరినీ దూషించలేదు. విచారణ పత్రాలనే ఆధారం చేసుకొని తన నిర్దోషిత్వాన్ని నిరూపించుకోవడానికి పూనుకొన్నాడు. ఆ పత్రాలలో, ఎవరూ తగినంత లక్ష్యపెట్టని కొన్ని వివరాలు ఉన్నాయి. ముల్కోవాల్‌లో ఆ సీసా బిరడా తీయడానికి వాడిన శ్రావణం, అంటే చిన్న పట్టుకారు, సహాయకుని చేతినుంచి నేలమీద పడింది. దానిని సరిగా శుద్ధి చేయకుండానే మళ్ళీ వాడారు. ధనుర్వాతపు బీజాలు ఉండే చోటు నేలలోని మట్టే. అంతేకాదు. సీసా తెరిచినప్పుడు దుర్వాసన రాలేదని అక్కడి వైద్యాధికారి సాక్ష్యం ఉంది. ఆ బీజాలు బొంబాయిలోనే ప్రవేశించి, వారాల తరబడి మూసిన సీసాలో పెరిగి ఉంటే, బిరడా తీయగానే దుర్గంధం వెలువడి ఉండేది. లండనులోని లిస్టర్ సంస్థ శాస్త్రజ్ఞులు ఈ సాక్ష్యాన్ని మళ్ళీ పరిశీలించి, కాలుష్యం సీసా తెరిచిన తరువాత జరిగి ఉండవచ్చునని, ప్రయోగశాలను దోషిగా నిర్ణయించడానికి ఆధారం చాలదని తేల్చారు.

ఆ సమయంలో ఆయన పక్షాన నిలిచినవారిలో అగ్రగణ్యుడు తెలుగునేలకు చిరపరిచితుడైన సర్ రొనాల్డ్ రాస్. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో, బేగంపేట సమీపంలోని భవనంలో, దోమ కడుపులో మలేరియా జీవిని కనుగొని, 1902లో నోబెల్ బహుమతి పొందిన శాస్త్రజ్ఞుడాయన. నిర్దోషిని నిందించడం వల్ల నష్టపోయేది ఆ ఒక్క వ్యక్తి మాత్రమే కాదనీ, టీకాలపై ప్రజలకున్న నమ్మకం కూడా నశిస్తుందనీ రాస్ గ్రహించాడు. 1907 జులైలో పదిమంది ప్రముఖ శాస్త్రజ్ఞులు సంతకం చేసిన లేఖ లండనులోని టైమ్స్ పత్రికలో వెలువడింది. బ్రిటిష్ పార్లమెంటులో ప్రశ్నలు వచ్చాయి. తుదకు 1907 నవంబరులో ప్రభుత్వం ఆయనను నిందనుంచి విముక్తుని చేసి, తిరిగి ఉద్యోగంలోకి ఆహ్వానించింది. దుర్ఘటన జరిగి అప్పటికి ఐదు సంవత్సరాలు గడిచాయి.

హాఫ్‌కిన్ కలకత్తాకు తిరిగి వచ్చాడు. కాని పోయిన కాలం తిరిగి రాలేదు. అక్కడి ప్రయోగశాలకు అధిపతి అయినా, టీకాలు తయారు చేసే అవకాశం ఆయనకు లేకపోయింది. తాను తీర్చిదిద్దిన బొంబాయి ప్రయోగశాల ఇతరుల చేతిలో ఉంది. కొన్ని సంవత్సరాలు పనిచేసి, ఉద్యోగ విరమణ పొంది ఐరోపాకు తరలిపోయాడు. అవివాహితుడుగానే ఉండి, నిరాడంబరంగా, తన మతధర్మాలను పాటిస్తూ చివరి కాలం గడిపాడు. 1925లో బొంబాయి ప్రయోగశాలకు ఆయన పేరు పెట్టారు. నిందకు గురైన చోటనే ఆయన పేరు నిలిచింది. 1897 నుంచి 1925 వరకు ఆ ప్రయోగశాల నుంచి వెలువడిన ప్లేగు టీకా మోతాదుల సంఖ్య 2 కోట్ల 60 లక్షలు. 1930 అక్టోబరు 26న స్విట్జర్లాండులోని లోజాన్ నగరంలో ఆయన కన్నుమూశాడు. 1964లో భారత తపాలాశాఖ ఆయన చిత్రంతో తపాలా బిళ్ళను వెలువరించింది. హాఫ్‌కిన్ పేరును ధరించిన ప్రభుత్వ సంస్థ తరువాతి కాలంలో మన పిల్లలకు పోలియో చుక్కల మందును తయారు చేసింది.

ఆయన ఎదుర్కొన్న ప్లేగు నేడు మన ఊళ్ళను ఖాళీ చేయించడం లేదు. మన దేశంలో 1975 తరువాత మశూచి కనబడలేదు. ప్రకృతిసిద్ధమైన (వైల్డ్) పోలియో వైరస్ వల్ల 2011 జనవరిలో ఒక చిన్నారికి సోకినదే అటువంటి చివరి పోలియో. 2014 మార్చి 27న మన ప్రాంతం పోలియో రహితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. 1985లో మొదలైన సార్వత్రిక టీకాల కార్యక్రమం ద్వారా ప్రతి బిడ్డకూ టీకాలు ఉచితంగా అందుతున్నాయి. పుట్టగానే క్షయకు బి.సి.జి., పోలియో చుక్కలు, హెపటైటిస్-బి. ఆరవ, పదవ, పదునాలుగవ వారాలలో కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం మొదలైన ఐదు వ్యాధులను నివారించే టీకా. తొమ్మిది నెలలు నిండగానే తట్టు, రుబెల్లాకు టీకా. ఆపైన రెండవ ఏట, అయిదారేళ్ళ వయస్సులో అదనపు మోతాదులు. ముల్కోవాల్ ప్రజలను బలిగొన్న ధనుర్వాతానికే నేడు టీకా ఉండటం గమనించదగిన విషయం.

ముల్కోవాల్ నేర్పిన పాఠాలను నేటి పద్ధతులలో స్పష్టంగా చూడవచ్చు. ఒక బిడ్డకు వాడిన సూది మరొక బిడ్డకు వాడరు. ఒకసారి వాడగానే పనికిరాకుండా పోయే సిరంజిలు వచ్చాయి. ప్రతి సీసా మీద దాని తయారీ వరుస సంఖ్య ఉంటుంది. తట్టు టీకా వంటివి కలిపిన తరువాత నాలుగు గంటలకు మించి వాడరు. టీకా వేసిన పిదప బిడ్డను అరగంటసేపు అక్కడే ఉంచుతారు. ఏ టీకా వేశారో, దానివల్ల ఏమి కావచ్చునో, మళ్ళీ ఎప్పుడు రావాలో తల్లికి చెప్పి, కార్డును భద్రపరచుకొని తరువాతి సారి తప్పక తీసుకురమ్మని కోరతారు.

ఈ నాలుగవ మాటను చాలామంది తేలికగా తీసుకొంటారు. కార్డు వర్షానికి తడిసిపోతుంది. ఇల్లు మారే సందడిలో పోతుంది. ఎలుకలు కొరికిన సామానుతోపాటు చెత్తలో చేరుతుంది. బి.సి.జి. మచ్చ చేతిమీద నిలుస్తుంది. తక్కిన టీకాలు అటువంటి గుర్తును మిగల్చవు. మూడు మోతాదులలో రెండు పడినవో, మూడూ పడినవో బిడ్డ చెప్పలేడు; సంవత్సరం గడిచేసరికి తల్లికీ జ్ఞాపకం ఉండదు. ఉక్కునగరం నుంచి రేవువాడకు, రేవువాడ నుంచి మరొక ఊరికి మారిన కుటుంబాన్ని క్రొత్త ఆరోగ్య కార్యకర్త ఎరుగదు. ఆమె ఎరిగేది కార్డును మాత్రమే. నేడు టీకాల వివరాలను కంప్యూటరులో నమోదు చేసే పద్ధతి కూడా వచ్చింది. అయినా నమోదు సరిగా జరిగిందో లేదో చూసుకొని, కార్డును పదిలపరచుకొనే బాధ్యత కుటుంబానిదే. కార్డు పోయినప్పుడు భయపడి ఇంట కూర్చోవడం తగదు. ఆరోగ్య కేంద్రంలోని దస్త్రాన్ని చూపించుకొని క్రొత్త కార్డు వ్రాయించుకోవచ్చు. ఆగిన చోటునుంచి టీకాలను కొనసాగించవచ్చు.

టీకాల కార్యక్రమం పసితనంతో ముగిసేది కాదు. పదవ ఏట, పదహారవ ఏట ధనుర్వాతానికీ కంఠసర్పికీ అదనపు మోతాదులు ఉన్నాయి. పదహారేళ్ళంటే కళాశాలలో అడుగుపెట్టే వయస్సు. ఆనాడు ఒడెస్సా నుంచి వచ్చిన ఒక పరాయి దేశస్థుడు మన బస్తీలలో ఇల్లిల్లూ తిరిగి టీకాలు వేసి, లెక్క వ్రాసి ఉంచాడు. ఆ లెక్కే టీకా గొప్పదనాన్ని చాటింది. ఆయన మీద నింద పడినప్పుడు సత్యాన్ని వెలికితీసినదీ వ్రాసి ఉంచిన సాక్ష్యమే. ఇంట్లో పాత పెట్టె అడుగున అమ్మ దాచిన కార్డు కూడా అటువంటి సాక్ష్యమే. దానిని బయటికి తీసి, ఖాళీగా మిగిలిన గడి ఏదైనా ఉన్నదేమో చూడటం, తమ్ముడి కార్డునో చెల్లెలి కార్డునో సరిచూడటం చదువుకొన్నవారికి కష్టమైన పని కాదు. హాఫ్‌కిన్ జీవితాన్ని చదివిన విద్యార్థి ఆ మహనీయునికి అర్పించగల నివాళి అదే.